దుంగలు ఈడ్చడానికి పాత డోజర్ కొనాలా? బయానా ఇచ్చే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

పోయిన మార్చిలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పటాన్‌చెరు దాటినంక ఒక యార్డుల డి50 చైన్ డోజర్ ఉంది. 9 లక్షలు అంటున్నడు. రంగు కొత్తగ ఏసిండ్రు, మస్తుంది. బయానా ఇచ్చెయ్యమంటవా?"

వాడికి వికారాబాద్ వైపు 12 ఎకరాల జామాయిల్ తోట ఉంది. గట్ల మీద పాత చింతలు, వేపలు, ఎండిపోయిన రెండు మూడు మామిళ్లు. అవి నరికించి, దుంగల్ని లారీ వచ్చే బాట దాకా లాగించాలి. నేను బాలానగర్‌లో భారీ యంత్రాలు బాగుచేసే షెడ్డులో చేరి 22 ఏళ్లయింది. ఈ ప్రశ్న అడిగినవాళ్లలో వాడు మొదటివాడేం కాదు. అందరూ ముందు బండిని చూసి మనసు పారేసుకుంటారు, పని సంగతి తర్వాత ఆలోచిస్తారు. నేను తిరగేసి అడుగుతాను: దుంగ ఎంత బరువు? ఎంత దూరం లాగాలి? ఏడాదికి ఎన్ని గంటల పని? ఈ మూడింటికీ జవాబు లేకుండా యార్డుకు పోవద్దు.

మొదటి పని: దుంగను తూకం వేయడం

కాటా అక్కర్లేదు, టేపు చాలు. దుంగ నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణిస్తే టింబర్ డిపోవాళ్లు చెప్పే సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుంది. 4 అడుగుల చుట్టు, 12 అడుగుల పొడవు ఉన్న జామాయిల్ దుంగ ఈ లెక్కన 12 సీఎఫ్‌టీ. కానీ ఈ పద్ధతిలో అసలు ఘనపరిమాణంలో 78 శాతం మాత్రమే తేలుతుంది. కోతలో పోయే చెక్కను కొనేవాడు ముందే తీసేసుకున్నట్టన్నమాట. డోజర్‌కు ఆ మినహాయింపు లేదు, మొత్తం చెక్కనూ లాగాల్సిందే. కాబట్టి 12ను 0.785తో భాగించండి, 15 పైచిలుకు వస్తుంది. పచ్చి జామాయిల్, పచ్చి చింత నీటికి కాస్త అటూ ఇటూ బరువుంటాయి. సీఎఫ్‌టీకి 30 కిలోలు వేసుకోండి. అంటే ఈ దుంగ 450 కిలోలు.

నేల మీద పూర్తిగా ఆనిన దుంగను ఈడ్వాలంటే దాని బరువులో సగం, గరుకు నేలైతే సగానికి కొంచెం పైన లాగుడు శక్తి కావాలి. మన దుంగకు 250 కిలోలు చాలు. 2 టన్నుల బరువుండే 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ పొడి చెలకలో ఒక టన్ను దాకా లాగుతుంది. అంటే జామాయిల్ దుంగలు ఒక్కసారికి మూడు. మరి డోజర్ ఎందుకు?

చింత మొద్దు దగ్గర కథ మారుతుంది. 10 అడుగుల చుట్టు, 10 అడుగుల పొడవు అనుకోండి. డిపో లెక్కలో 62 సీఎఫ్‌టీ, అసలు 80, బరువు 2,400 కిలోలు. లాగడానికి 1,200 నుంచి 1,400 కిలోల శక్తి కావాలి. ట్రాక్టర్ ముందు చక్రాలు లేచేది ఇక్కడే. డ్రైవర్లు ఇంకో తప్పు చేస్తారు. వెనక కింద ఉండే లాగుడు కడ్డీకి, అంటే డ్రాబార్‌కు, కట్టాల్సిన గొలుసును టాప్ లింక్‌కో, వెనక యాక్సిల్ పైభాగానికో కడతారు. దుంగ ఏ వేరుకో తట్టుకుందంటే చక్రం తిరగలేక ట్రాక్టరే వెనక్కి తిరగబడుతుంది, డ్రైవర్‌కు దూకే వ్యవధి కూడా ఉండదు. ఇలాంటి మొద్దులు మీకు పది పదిహేను ఉంటే వేరే దారులున్నాయి, కింద చెప్తాను. వందల్లో ఉంటే డోజర్ గురించి మాట్లాడుకోవచ్చు.

దూరం, నేల

డోజర్ మొదటి గేరులో గంటకు రెండున్నర కిలోమీటర్లు నడుస్తుంది. 300 మీటర్లు లాగడానికి 7 నిమిషాలు, తిరిగి రావడానికి 5, గొలుసు వేసి తీయడానికి ఇంకో 5. గంటకు మూడు ట్రిప్పులు, మహా అయితే నాలుగు. నా మట్టుకు 200 మీటర్లు దాటిన పనికి డోజర్ పెట్టను. గుట్ట వాలు నుంచి బాట దాకా డోజర్‌తో దించి, అక్కడి నుంచి ట్రాక్టర్ ట్రాలీ మీద తోలించడం నయం.

నేల సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్. అది చివికితే వచ్చే ఎర్ర చెలకలో, మొరంలో గాజుపెంకు లాంటి క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది. చైన్ లింకుల్ని కలిపే పిన్నుకూ, దాని చుట్టూ ఉండే బుష్‌కూ మధ్య ఆ ఇసుక చేరితే ఆకురాయి పెట్టి రాసినట్టే అరుగుతాయి. పరుపు బండ మీదైతే ఇనుప చైన్ పట్టు దొరక్క జారుతుంది. బండ మీద బరువుతో మలుపు తిప్పిన ప్రతిసారీ చైన్ మీద నేలను తాకే షూ ప్లేట్ల అంచులు ఇంతింత అరిగిపోతాయి. వికారాబాద్, తాండూరు వైపు నల్లరేగడిలో అరుగుదల తక్కువే. కానీ వాన పడిందంటే ఆ బంకమట్టి చైన్‌ను తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, పళ్ల సందుల్లో గడ్డకట్టి, చైన్‌ను బిగుసుకుపోయేలా చేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ బండి నిలబడే ఉంటుందని లెక్క వేసుకోండి.

అనుమతుల మాట

2002 నాటి వాల్టా చట్టం కింద పట్టా భూమిలోనైనా చెట్టు కొట్టడానికి అనుమతి అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. జామాయిల్, సుబాబుల్, సరుగుడుకు రవాణాలో సడలింపు ఉంది. టేకు లాంటివాటికి లేదు. మీ చెట్ల పేర్లు రాసుకుని అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లి అడగండి. అడవి హద్దు పక్కనే భూమి ఉన్నవాళ్లు సర్వే రాళ్లు చూసుకోకుండా చైన్ బండి దింపకూడదు. అటవీ నేరానికి వాడిన బండిని స్వాధీనం చేసుకునే అధికారం శాఖకు ఉంది. కోర్టు తేల్చేలోపు మీ 9 లక్షలు డిపో ఆవరణలో తుప్పు పడుతుంటాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి చెట్ల కొట్టివేతను సుప్రీంకోర్టు ఆపిన తర్వాత నగరం చుట్టుపక్కల డోజర్ కనిపిస్తే చాలు, నలుగురు ఫోన్లు తీసి వీడియో తీస్తున్నారు. కాగితం జేబులో ఉంటే వాళ్లతో మాట్లాడటం తేలిక.

ఏ సైజు, వెనక ఏముంది

ఈ పనికి 90 నుంచి 120 హార్స్‌పవర్, 10 నుంచి 12 టన్నుల బండి సరిపోతుంది. మన దగ్గర ఆ తరగతిలో ఎక్కువగా దొరికేది కేంద్ర ప్రభుత్వ కంపెనీ బీఈఎంఎల్ వాళ్ల డి50. జపాన్ కొమాట్సు డిజైన్, కర్ణాటకలోని కేజీఎఫ్ ఫ్యాక్టరీలో తయారైనది. డి80 దానికి రెట్టింపు బండి, చెట్ల మధ్య తిరగదు, డీజిల్ కూడా అదే తీరుగా తాగుతుంది. సింగరేణి గనుల్లో పక్కన పెట్టిన డోజర్లు ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలంలో వస్తాయి. ధర చూసి నోరూరుతుంది. అవి 320 హార్స్‌పవర్ డి155లు, ఇంకా పెద్దవి, బొగ్గు దిబ్బలు తోసి తోసి అలసినవి. వాటి వైపు చూడకండి.

హార్స్‌పవర్ కంటే ముఖ్యం, బండి వెనక వించ్, అంటే ఇనుప తాడును చుట్టుకుంటూ లాగే డ్రమ్ము, ఉందా అన్నది. మన పాత డోజర్లన్నీ మట్టి తోయడానికి తయారైనవి. వెనక నేలను చీల్చే కొక్కెం, అంటే రిప్పర్, ఉంటుంది, లేదా ఉత్త డ్రాబార్ ఉంటుంది. వించ్ లేకపోతే ప్రతి దుంగ దగ్గరికీ బండిని వెనక్కి తీసుకెళ్లాలి, మొక్కలు తొక్కుకుంటూ, వాలులో వంకర్లు తిరుగుతూ. వించ్ ఉంటే బండి గట్టి నేల మీదే నిలబడుతుంది, ఐరన్ రోప్ 30, 40 మీటర్లు పోయి దుంగను లాక్కొస్తుంది. రోప్ కాస్త ఎత్తులోంచి వస్తే దుంగ ముందు కొస లేచి, నేలలో దిగబడకుండా జారుతుంది. లాగుడు బరువు చాలా తగ్గుతుంది. రిప్పర్‌కు గొలుసు కట్టి లాగుతామంటారు కొందరు. పది దుంగలకు నడుస్తుంది, పదకొండోదానికి రిప్పర్ పిన్ను వంగుతుంది. వించ్ లేని బండి ధరలో వించ్ ఖర్చు కలుపుకునే బేరమాడండి.

డ్రైవర్ తల మీద దిట్టమైన కానోపీ, వెనక ఇనుప జాలీ ఉన్నాయా చూడండి. రోప్ తెగితే కొస వెనక్కి కొరడాలా వస్తుంది. జాలీ లేని బండి మీద వించ్ పని చేయించడం నాకు సమ్మతం కాదు.

బండి దగ్గర ఒక పొద్దు

పటాన్‌చెరు యార్డువాడికి ఎనిమిదింటికి వస్తామని చెప్పి ఏడింటికే వెళ్లాం. "రాత్రంత బంద్ ఉంది అన్నా, మీరొచ్చినంకనే స్టార్ట్ చేస్తం" అన్నాడు. వాడు టీ చెప్పడానికి పోగానే నేను ఇంజిన్ బ్లాక్ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. బావమరిది చెయ్యి కూడా పట్టుకుని అక్కడే పెట్టించాను. వాడి మొహంలో 9 లక్షల బేరం అప్పుడే 7కు దిగింది. పాత డీజిల్ ఇంజిన్ జబ్బంతా చల్లటి స్టార్టింగులోనే బయటపడుతుంది. కంప్రెషన్ పోయిన ఇంజిన్ పొద్దున్నే మొరాయిస్తుంది, ఒకసారి వేడెక్కితే బుద్ధిమంతుడిలా అందుకుంటుంది. వెచ్చగా ఉంటే గొడవ పెట్టుకోకండి, "రేపొస్తం" అని వచ్చేయండి. మేమూ అదే చేశాం.

మర్నాడు స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూశాం. బ్రీతర్‌లోంచి కొద్దిగా ఆవిరి రావడం మామూలే. రైలింజన్ లాగా గుప్పుగుప్పున కొడితే బ్యాక్ కంప్రెషన్, రింగులో లైనర్లో అరిగాయి. నల్లపొగ బరువు మీద కాసేపు వస్తే ఫర్వాలేదు. నీలంపొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయలా ఉంటే నీళ్లు కలిశాయి, ఇక ముందుకు చూడక్కర్లేదు. గంటల మీటరును నమ్మకండి. పెడల్ రబ్బరు, లీవర్ల గుండ్లు ఎంత నున్నబడ్డాయో చూడండి, అవి అబద్ధం చెప్పవు.

ఇంజిన్ కంటే ఎక్కువ సేపు కింద కూర్చోవాలి. చైన్ బండి మరమ్మతు ఖర్చులో దాదాపు సగం అండర్‌క్యారేజే (చైన్లు, రోలర్లు, స్ప్రాకెట్లు ఉండే కింది భాగం) మింగుతుంది. స్ప్రాకెట్ పళ్లు కొత్తలో మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి. సొరచేప పళ్లలా సూదిగా తేలాయంటే బుష్‌లు కూడా పోయినట్టే. స్ప్రాకెట్ ఒక్కటి మారిస్తే ఆర్నెల్లలో దాన్నీ తినేస్తాయి. చైన్ సాగుదల కొలవడానికి చైన్ బిగువుగా ఉన్నప్పుడు నాలుగు లింకుల పొడవు టేపుతో కొలవండి. ఉదాహరణకు కాటర్‌పిల్లర్ డి6డి లింకు పిచ్ (పిన్ను నుంచి పిన్నుకు దూరం) 203 మి.మీ., కొత్తలో నాలుగు లింకులు 812 వస్తాయి. అది 822 చూపిస్తే చైన్ చివరి రోజుల్లో ఉంది. మీరు చూసే మోడల్ కొత్త కొలత పార్ట్స్ దుకాణంలో ముందే అడిగి పెట్టుకోండి.

ఇక్కడ ఒక మోసం ఉంది. చైన్ సాగి, దాన్ని బిగించే అడ్జస్టర్ చివరికి వచ్చేసినప్పుడు ఒక లింకు తీసేసి మళ్లీ కలుపుతారు. పైకి బిగువుగా, కొత్తదానిలా కనిపిస్తుంది. అందుకే సుద్దముక్కతో గుర్తు పెట్టి రెండువైపులా షూ ప్లేట్లు లెక్కపెట్టండి. పార్ట్స్ పుస్తకంలో ఉన్న సంఖ్య రెండువైపులా రావాలి. మేం చూసిన బండిలో ఎడమవైపు ఒకటి తక్కువ. కొత్త పసుపు రంగు కింద ట్రాక్ బోల్టుల తలల మీద మట్టి అలాగే ఉంది, మట్టి మీదే రంగు కొట్టారు.

తర్వాత ఫైనల్ డ్రైవ్, అంటే స్ప్రాకెట్‌ను తిప్పే ఆఖరి గేర్ల పెట్టె. యజమాని ఒప్పుకుంటే కింది డ్రైన్ ప్లగ్ కాస్త వదులు చేసి, కోసిన నీళ్ల బాటిల్‌లోకి అరగ్లాసు ఆయిల్ పట్టండి. ఎండలోకి తెచ్చి బాటిల్‌ను మెల్లగా తిప్పండి. మాకు మొదట ఏం కనపడలేదు. రెండోసారి తిప్పితే అడుగున జరీ నలిపి పోసినట్టు మెరుపు. వేళ్ల మధ్య రాస్తే బూడిదరంగు మెత్తటి ముద్ద వచ్చింది, అంతవరకు వయసు అరుగుదలే. ముద్ద అడుగున మాత్రం గోటి చంద్రవంకంత ఇనుప పెచ్చు ఒకటి వేలికి గుచ్చుకుంది. అది ఎక్కడో గేరు పన్నులోంచి ఊడొచ్చింది. బావమరిది ఆ పెచ్చును కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

స్టీరింగ్ క్లచ్‌లు వర్షంలో ఏళ్ల తరబడి నిలబడ్డ బండికి తుప్పుతో అతుక్కుపోతాయి. మొదటి గేరులో నడిపిస్తూ ఎడమ లీవరు లాగండి, ఎడమ చైన్ నిలిచిపోవాలి. తర్వాత కుడి. ఉత్తినే కాదు, బ్లేడుతో మట్టికుప్ప తోస్తూ లాగి చూడండి. క్లచ్ జారేది బరువు మీదే. బ్లేడు పైకెత్తి ఇంజిన్ ఆపి, పది నిమిషాల్లో ఎంత దిగిందో దూరం నుంచి చూడండి. కిందికి తల పెట్టకండి. వించ్ ఉంటే నిజం దుంగ కట్టి లాగించి, సగంలో ఆపి, బ్రేకు పట్టి ఉంచుతోందా చూడాలి. స్టార్టర్, లైట్లు, సీటు, హోస్ పైపులు పాడైనా భయపడక్కర్లేదు. అవి వేలల్లో పోతాయి, లక్షల్లో కాదు.

రాణిగంజ్‌లో ఒక చక్కర్

బయానాకు ముందు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అర పూట తిరగండి. ఆ మోడల్ పేరు చెప్పి నాలుగే వస్తువులు అడగండి: బాటమ్ రోలర్, స్ప్రాకెట్, స్టీరింగ్ క్లచ్ ప్లేట్లు, ఫైనల్ డ్రైవ్ సీలు. "ఉంది", "రెండ్రోజుల్ల తెప్పిస్తం" అంటే మంచిది. దుకాణంవాడు మోడల్ నంబరు రెండుసార్లు అడిగి తల గోక్కుంటే, ఆ విదేశీ బండి ఎంత చవకైనా వదిలేయండి.

కాగితాల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోండి. ఇనుప చైన్ మీద నడిచే డోజర్‌కు జేసీబీకి ఉన్నట్టు ఆర్సీ మామూలుగా ఉండదు. యజమాని ఎవరో తేల్చేది పాత ఇన్‌వాయిస్, అమ్మకాల గొలుసు, ఫైనాన్స్ తీరిపోయినట్టు నిరభ్యంతర పత్రం. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మీరే తడిగుడ్డతో తుడిచి చదివి కాగితంతో పోల్చండి. నంబరు పలక కొత్త రివెట్లతో ఉంటే కారణం అడగండి.

గంటల లెక్క

ఇప్పుడు బావమరిది పెన్ను తీశాడు. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి, మీవి మీరు వేసుకోండి. బండి 9 లక్షలు. చైన్, రోలర్ల పని మూడున్నర. క్లచ్, సీళ్లు 1. పాత వించ్ 2. లోబెడ్ (యంత్రాలు మోసే ట్రైలర్ లారీ) మీద తేవడం, పని చోటికి చేర్చడం అర లక్ష. మొత్తం 16 లక్షలు. అయిదేళ్ల తర్వాత ఏమీ మిగలకపోయినా తుక్కు మిగులుతుంది. 10 టన్నుల ఇనుము కిలో 30 లెక్కన 3 లక్షలు. అంటే అయిదేళ్లలో 13 లక్షలు కరుగుతుంది, ఏడాదికి 2.6. పెట్టుబడి మీద 12 శాతం వడ్డీ వేస్తే మరో 1.9. నడిపినా నడపకపోయినా ఏడాదికి నాలుగున్నర లక్షలు.

నడిపితే గంటకు 11 లీటర్ల డీజిల్, లీటరు 95 వేసుకుంటే 1,045. ఆపరేటర్, హెల్పర్ జీతం బత్తా 300. గ్రీజు, ఆయిల్, చిల్లర రిపేర్లు 500. దగ్గర దగ్గర 1,850. అదే సైజు డోజర్ డీజిల్‌తో కలిపి గంటకు 3,000కు అద్దెకు దొరికితే, సొంత బండి మీద గంటకు మిగిలేది 1,150. నాలుగున్నర లక్షలను దానితో భాగించండి: 390 గంటలు. ఏడాదికి 400 గంటల పని లేనివాడికి సొంత డోజర్ దండగ.

బావమరిది పని ఎన్ని గంటలు? చింత, వేప, మామిడి మొద్దులు అన్నీ కలిపి 60 గంటలు. జామాయిల్‌కు ట్రాక్టరే చాలు, పైగా అది నాలుగైదేళ్లకోసారి కోత. వాడు పెన్ను మూసేశాడు. ఏప్రిల్‌లో వారం రోజులు వించ్ ఉన్న డోజర్ అద్దెకు తెచ్చాం. లోబెడ్ ఖర్చు కలిపినా రెండున్నర లక్షల లోపే తేలింది. రోడ్డుకు దగ్గరున్న మొద్దుల్ని హైడ్రా క్రేన్ నేరుగా లారీలోకి ఎత్తింది, వాటికి డోజర్ తాకనే లేదు.

లెక్క అటువైపు తేలినవాళ్లూ ఉన్నారు. షాద్‌నగర్‌లో ఒక కాంట్రాక్టరు చుట్టుపక్కల సామిల్లులకు దుంగలు తోలతాడు, ఎండాకాలం ఆర్నెల్లు రోజూ పనే. ఆయనకు పోయినేడు నేనే దగ్గరుండి ఒక బండి కొనిపించాను.

కొన్నవాళ్లకు మొదటి వారం

బండిని లోబెడ్ ఎక్కించే ముందు చైన్లలో ఇరుక్కున్న మట్టి గడ్డపారతో తీయించండి, ఎక్కాక బ్లేడు, వించ్ రెండూ గొలుసులతో కట్టించండి. పొలానికి చేరగానే పనిలోకి దింపకండి. ఇంజిన్, గేర్‌బాక్స్, రెండు ఫైనల్ డ్రైవ్‌లు, వించ్, హైడ్రాలిక్, అన్ని ఆయిళ్లూ మార్చండి. పాత ఇంజిన్ ఫిల్టరును రంపంతో కోసి, లోపలి కాగితాన్ని తెల్లగుడ్డ మీద విప్పి పరిచి చూడండి. ఇత్తడి రంగు మెరిస్తే బేరింగులు అరుగుతున్నాయి. 50 గంటల తర్వాత మళ్లీ ఫిల్టరు కోసి చూడండి, అప్పుడు తెలుస్తుంది ఆ మెరుపు పాతదా, కొత్తగా వస్తున్నదా అని. వించ్ రోప్‌లో తెగిన పోగులు కనిపిస్తే ఆ రోప్ పారేసి కొత్తది వేయించండి, ముడి వేసి వాడొద్దు. హెల్పర్‌కు తోలు గ్లౌజులు కొనివ్వండి. రోప్ ఎంత పొడవు సాగిందో అంత దూరంలో చుట్టూ మనిషి నిలబడకూడదని మొదటి రోజే చెప్పి, రెండో రోజు కూడా చెప్పండి. వాలు మీద దుంగను ఎప్పుడూ పై నుంచి కిందికి నిలువునా లాగించండి, అడ్డంగా నడిపిస్తే చైన్ ఊడుతుంది, ఊడిన చైన్ ఎక్కించడానికి చెట్ల మధ్య ఒక రోజంతా పోతుంది. షాద్‌నగర్ ఆయనకు మొదటి నెలలోనే రెండుసార్లు ఊడింది. సాయంత్రం బండి ఆపాక బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకోవడం ఆయన తనంతట తనే నేర్చుకున్నాడు, ఒకటి పోయాక.